ఒకే ముఖం, రెండు ఓట్లు

చిట్టి పనిచేసే బ్యూటీ పార్లర్ ఓనరమ్మకు ఎన్నికలంటే గిట్టదు. గిరాకీ దెబ్బతింటుందని ఆమె బాధ. కానీ ఆ రోజు వ్యవహారం తిరగబడింది. ఆఫీసులకు సెలవు కావడంతో, పొద్దున్నే ఓటేసి వచ్చిన ఆడవాళ్ళు ఇక పనేమీ లేదన్నట్టు జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చి కూర్చున్నారు. చిట్టికి మంచినీళ్ళు తాగే తీరిక కూడా దొరకలేదు. మధ్యలో చేతితొడుగు చిరిగి నల్లరంగు వేళ్ళకంటుకుంది. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ వదల్లేదు.

"నేనూ వెళ్ళి ఓటేసొస్తానమ్మా," అంది భోజనాల వేళకి.

"నువ్వెయ్యకపోతే ప్రభుత్వం ఆగిపోతుందా ఏమిటి?" అంది ఓనరమ్మ. మళ్ళీ తనే మెత్తబడి, "సరే, పో. గంటలో వచ్చెయ్యాలి. సాయంత్రం పెళ్ళికూతురు వస్తోంది," అంది.

చిట్టికి ఓటెయ్యడానికి కారణం ఉంది. ఆమె ఉండే సందులో మురుగుకాలవ పగిలి ఏళ్ళు గడిచాయి. వాన పడితే ఆ నీళ్ళు గడప దాటి వంటింట్లోకి వస్తాయి. వార్డు మెంబరు ఆఫీసు చుట్టూ ఆమె చెప్పులరిగేలా తిరిగింది. చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన టీ తాగుతూ, "నచ్చకపోతే నాకు ఓటెయ్యకండమ్మా, దానికింత గొడవెందుకు?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు చిట్టికి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. సరే, నీ మాటే కానివ్వు అనుకుని, ఈ రోజు కోసం కాచుకుని కూర్చుంది.

పోలింగ్ బూత్ ఒక బడిలో పెట్టారు. ఆమె వెళ్ళేసరికి ఆడవాళ్ళ లైను వరండా దాటి మెట్లు దిగి ఎండలోకి వచ్చేసింది. లోపల మిషను మొరాయించిందట. బాగుచేసేవాడు వచ్చాడని ఒకరు, వచ్చి టీకి వెళ్ళాడని ఇంకొకరు చెప్పారు. ముందున్న ముసలావిడ చెప్పులు విప్పి వాటి మీదే చతికిలబడింది.

"అడగడానికైతే గుమ్మం దాకా వచ్చారు. వెయ్యడానికి మాత్రం మనం పడిగాపులు పడాలి," అందావిడ.

"ఇంకాసేపు చూద్దాం పెద్దమ్మా," అంది చిట్టి. ఓనరమ్మ ఇచ్చిన గంట అప్పటికే అయిపోయింది. ఫోను మోగింది. చిట్టి చూసి కూడా తీయలేదు.

ఎట్టకేలకు మిషను దారికొచ్చింది, లైను కదిలింది. చిట్టి గదిలోకి అడుగుపెట్టేసరికి వీపంతా తడిసిపోయింది. గుమస్తా ఆమె కార్డు తీసుకుని, జాబితాలో వేలు పెట్టి వెతికి, ఆగి, తలెత్తి చూశాడు.

"ఈ పేరు మీద ఓటు పడిపోయిందమ్మా."

"పడిపోవడమేమిటండీ? నేనిప్పుడేగా వస్తున్నాను?"

గోడవారన పార్టీల ఏజెంట్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్నాయన దిగ్గున లేచాడు. "ఈవిడ పొద్దున వచ్చింది సార్! ఈ ముఖం నాకు బాగా గుర్తు. డ్యూటీకి టైమైపోతోందని లైను మధ్యలో దూరబోతే నేనే అడ్డుపడ్డాను. నన్ను నానా తిట్లూ తిట్టింది."

చిట్టికి విషయం అర్థమైంది. లైను మధ్యలో దూరడం, అడ్డొచ్చినవాణ్ణి తిట్టడం. ఇంకెవరు?

"అది నేను కాదండీ, మా అక్క. మేం కవలలం."

"కవలలా!" అన్నాడు కళ్ళజోడాయన. "సినిమా చూపిస్తున్నావా తల్లీ?"

గదిలో నవ్వులు లేచాయి. బూత్ అధికారి కుర్చీలోంచి లేచి వచ్చాడు. కళ్ళ కింద నల్లటి చారలతో, నిద్ర లేని మనిషిలా ఉన్నాడు. "వేలు చూపించమ్మా," అన్నాడు.

చిట్టి చెయ్యి చాపింది. అందరూ తొంగి చూశారు. గోళ్ళ చుట్టూ నల్లగా మరకలు.

"ఇది జుట్టు రంగండీ. నేను పార్లర్లో పనిచేస్తాను. కావాలంటే వాసన చూడండి."

"సిరా చెరపాలని రుద్దితే ఇలాగే అవుతుంది," అన్నాడు కళ్ళజోడాయన, అదేదో తనకు బాగా అలవాటున్నట్టు.

"నన్ను దొంగంటున్నారా?" అంది చిట్టి, చెయ్యి వెనక్కి లాక్కుని.

"నేనేమీ అనడం లేదమ్మా," అన్నాడు అధికారి. "ఆయన అభ్యంతరం చెబుతున్నాడు, పుస్తకంలో సంతకం ఉంది, వేలికి మరకుంది. నన్నేం చెయ్యమంటారు? మీ అక్కగారిని తీసుకురండి. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే ఇది కాస్తా తేలిపోతుంది."

సరిగ్గా అక్కడే వచ్చింది తంటా. చిట్టి, వాళ్ళక్క మాట్లాడుకోక రెండేళ్ళు దాటింది.

అక్కంటే పట్టుమని పావుగంట పెద్దది. ఆ పావుగంట పెద్దరికాన్నే పుట్టినప్పటి నుంచీ చెలాయిస్తోంది. ఇద్దరివీ ఒకే పోలిక, ఒకే గొంతు. పేర్లలో కూడా ఒక్క అక్షరమే తేడా. పెళ్ళైన కొత్తలో బావ కూడా ఒకసారి చిట్టిని పట్టుకుని, "నా తెల్లచొక్కా ఎక్కడ పెట్టావోయ్?" అని అడిగాడు. ఇద్దరి ఇళ్ళూ ఒకే పేటలో, అటో సందు ఇటో సందు. అంత కలిసి ఉన్నవాళ్ళు అక్క కూతురి జడ దగ్గర విడిపోయారు. ఆ పిల్ల పార్లర్‌కి వచ్చి, "పిన్నీ, మెడ దాకా కత్తిరించవా?" అని బతిమాలితే చిట్టి కత్తిరించింది. సాయంత్రానికల్లా అక్క పార్లర్ గుమ్మంలో నిలబడి, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళందరి ముందూ, "నువ్వూ ఒకదాన్ని కని పెంచి ఉంటే తెలిసేదే నా కడుపుమంట!" అంది. పిల్లలు లేని చిట్టి కత్తెర బల్ల మీద పెట్టి, "పెంచడం నీకు చేతనైతే అది నా దగ్గరకెందుకొస్తుంది?" అంది. అంతే, ఆ తర్వాత రాకపోకలు బంద్.

వరండాలోకి వచ్చి చిట్టి చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. వెళ్ళిపోదామనుకుంది. కానీ వార్డు మెంబరు నవ్వు గుర్తొచ్చింది. దానికి తోడు ఇప్పుడు ఈ కళ్ళజోడాయన నవ్వొకటి. బావకు ఫోన్ చేసింది.

"బావా, నేను చిట్టిని."

"చిట్టీ! ఎవరికైనా ఏమైనా అయిందా?"

"నాకే అయింది. నేను నేను కాదంటున్నారు." జరిగిందంతా చెప్పింది. "అక్కని ఒక్కసారి బూత్‌కి రమ్మనవా?"

"నువ్వే చెయ్యొచ్చుగా?"

"నంబరు బ్లాక్ చేశాను."

"మీ అక్కా నీది బ్లాక్ చేసింది," అన్నాడు బావ నిట్టూర్చి. "మీరిద్దరూ కలిసి ఒక మాట మీద నిలబడింది అదొక్కటే. ఉండు, నేను చెబుతాను."

అక్క ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది. రోగుల భోజనాలు ముగిసి గిన్నెలు కడిగించేదాకా కదలడానికి వీల్లేదు. చిట్టి వరండా గోడకానుకుని ఎదురుచూసింది. ఆమె వెనకాల వచ్చినవాళ్ళంతా లోపలికెళ్ళి, నల్లచుక్క పెట్టించుకుని, వేలు చూసుకుంటూ బయటికి పోతున్నారు. ఓనరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి చిట్టి తీసింది.

"ఓటేస్తున్నావా, ఓట్లు లెక్కపెడుతున్నావా?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేసిందామె. పెళ్ళికూతురి పని వేరే అమ్మాయికి పోయిందని చిట్టికి అర్థమైంది.

ఎండ వాలుతుండగా అక్క వచ్చింది. తలకు వలటోపీ, వంటగది తెల్లకోటు, మోచేతుల దాకా తడి. చెల్లెలి ముఖం చూసింది. బాగున్నావా అని కూడా అనలేదు.

"ఎక్కడే వాడు?" అంది.

చిట్టి గది వైపు చూపించింది. అక్క లైనునంతా దాటుకుని లోపలికి దూసుకుపోయింది, వెనకే చిట్టి. "ఎవడండీ నా చెల్లెల్ని దొంగన్నది?"

కళ్ళజోడాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. అప్పుడూ ఇద్దరే కనిపించారు.

"పొద్దున నన్ను ఆపింది నువ్వేగా? ఇప్పుడు మళ్ళీ దీన్ని ఆపావా? మా ఇంటి మీద నీకేమైనా పగుందా?"

అధికారి చేతులు జోడించాడు. "మీరు కాస్త శాంతించండమ్మా. ఇద్దరూ నిజమే, ఒప్పుకున్నాం." గుమస్తా వైపు తిరిగి, "పొద్దున వచ్చింది ఈవిడైతే ఈవిడ పేరు దగ్గర గుర్తుండాలి కదా, చూడండి," అన్నాడు.

గుమస్తా చూశాడు. అక్క పేరు ఎదురుగా ఖాళీగా ఉంది. దాని కింద, చిట్టి పేరు ఎదురుగా సంతకం ఉంది. గీరినట్టున్న ఆ సంతకాన్ని చిట్టి ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది.

"అక్కా! నా పేరు దగ్గర సంతకం పెట్టేశావేమిటే!"

"నేనెందుకు పెడతాను?" అంటూ అక్క వంగి చూసింది. ఆమె గొంతు తగ్గింది. "ఇక్కడ పెట్టమని ఈ గుమస్తాయే వేలితో చూపించాడు, పెట్టాను. వెనకాల నుంచి తోస్తున్నారు, నాకు డ్యూటీకి టైమైపోతోంది..."

"చూసుకోనక్కర్లేదా? ఒక్క క్షణం కళ్ళు పెట్టి చూస్తే పోయేదా?"

"ఒక్క అక్షరం తేడాతో పేరు పెట్టింది నేనా? పోయి అమ్మనడుగు!"

"ఎప్పుడూ అంతే. చేసేది నువ్వు, పడేది నేను."

"ఓహో! రాత్రి వంట గరిటె అక్కడ పారేసి పరుగెత్తుకుంటూ వచ్చింది నీ చేత మాటలనిపించుకోవడానికా?"

లైనులోంచి ఎవరో అరిచారు: "మీ ఇంటి పంచాయితీ ఇంటికెళ్ళాక పెట్టుకోండమ్మా, మాకు పొద్దుపోతోంది!"

అక్క అధికారి వైపు తిరిగింది. "ఇందులో ఏముందండీ? దాని పేరు మీద నేను వేసేశాను. నా పేరు మీద దాన్ని వెయ్యనివ్వండి. ఇద్దరికీ రెండు ఓట్లు, లెక్క సరిపోతుంది."

"అది దొంగ ఓటవుతుందమ్మా," అన్నాడు అధికారి.

"మరి పొద్దున మీవాళ్ళు నా చేత వేయించిందేమిటి?"

అధికారి జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. గుమస్తా కాగితాలు అనవసరంగా సర్దాడు. ఇంతసేపూ అభ్యంతరం చెప్పిన కళ్ళజోడాయన, తనకేమీ పట్టనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పైవాళ్ళను అడగాలన్నాడు అధికారి. పైవాళ్ళ ఫోను కలవలేదు. కలిసినప్పుడు, తమ పైవాళ్ళను అడిగి చెబుతామన్నారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. లైను పలచబడింది. గేటు వేసేశారు. ఏజెంట్లు బద్ధకంగా ఒళ్ళు విరుచుకున్నారు. చివరికి ఫోను మోగింది. అధికారి వరసగా "సరేనండీ" అంటూ విని, గుర్తులున్న ఒక కాగితం, ఒక కవరు తీసి చిట్టి ముందు పెట్టాడు.

"మీరు ఈ కాగితం మీద ముద్ర వేసి ఇవ్వండమ్మా. కవరులో పెట్టి సీలు వేస్తాను."

"మిషను మీద కాదా?"

"కాదమ్మా. మిషనులో మీ ఓటు పడిపోయినట్టే లెక్క."

"మరి ఈ కవరు లెక్కపెడతారా?"

ఆయన కవరును అటూ ఇటూ తిప్పాడు. "మామూలుగా తెరవరు. తర్వాత తగువు వచ్చి, తెరవమని కోర్టు చెబితే తెరుస్తారు."

చిట్టికి పొద్దుటి నుంచి తిండి లేదు, పెళ్ళికూతురి పని పోయింది, దొంగనిపించుకుంది, రెండేళ్ళు మొండిగా బిగబట్టిన పంతాన్ని వదులుకుని బావకు ఫోన్ చేసింది. ఇదంతా తెరవని కవరు కోసమా? ఆ కాగితం అక్కడే చింపి పారేయాలనిపించింది. కానీ ముద్ర తీసుకుని, ఓటు వేసే అట్టల చాటుకు వెళ్ళి, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా గుద్దింది. ఆ చప్పుడుకి గుమస్తా ఉలిక్కిపడ్డాడు.

వేలికి సిరా పెట్టించుకుని ఆమె బయటికి వచ్చేసరికి అక్క మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే బస్సు కోసం బస్టాపులో నిలబడి ఉంది. చిట్టి వెళ్ళి పక్కన నిలబడింది.

"వంటగదిలో ఏమన్నారు?" అని అడిగింది కాసేపటికి.

"ఏమంటారు? రేపు చెబుతానన్నాడు మేనేజరు," అంది అక్క. ఆగి, "ఇంతకీ ఎవరికి వేశావే?" అంది.

"వార్డు మెంబరు మీద పోటీ చేసినాయనకి."

అక్క గిర్రున తిరిగింది. "ఏమిటీ? ఆసుపత్రి దాకా బస్సు వేయించింది ఎవరనుకున్నావు? ఆ మెంబరే! నేను ఆయనకే వేశాను."

"అంటే, నా పేరు మీద, నా ఇంట్లోకి మురుగు వదిలినవాడికి ఓటేశావా?"

"నాకేం తెలుసే అది నీ పేరని!"

"నీది లెక్కపెడతారు, నాది కవరులో మగ్గుతుంది. వాడు గెలిస్తే నా ఓటుతోనే గెలిచినట్టు!"

"బస్సు లేకపోతే నేను తెల్లారకుండా నడిచి పోవాలి, అది నీకు పట్టదేం?"

"వాన పడితే మా ఇంటికొచ్చి నిలబడు, అప్పుడు మాట్లాడు బస్సు గురించి."

"వస్తాను! రానంటానా? నువ్వు రమ్మంటే కదా!"

"రమ్మంటేనే వస్తావా? బొట్టు పెట్టి పిలవాలా?"

ఆసుపత్రి బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరిచి డ్రైవరు ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూశాడు. ఎవరూ ఎక్కలేదు. అక్క వలటోపీ ఊడదీసి చేత్తో ఆడిస్తూ బస్సు గొప్పతనం చెబుతోంది, చిట్టి మురుగు ఎంత ఎత్తున వస్తుందో మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తోంది. డ్రైవరు హారన్ కొట్టి చూసి, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.