ఎండకేసినవి, మంటకేసినవి

"పుష్పా, నా పాన్ కార్డు యాడ పెట్టినావు?"

గిరిబాబు నోట ఈ మాట రాకుండా ఆ ఇంట్లో తెల్లవారదు. పాన్ కార్డు కాకపోతే ఎరువుల కొట్టు లైసెన్సు, అది కాకపోతే వాళ్ళమ్మ కంటి ఆపరేషన్ చీటీ, అదీ కాకపోతే కూతురి టీకాల కార్డు. తన చేత్తో తాను ఎక్కడ పెట్టాడో అతనికి తెలియక్కర్లేదు. పెళ్ళాం పుష్పకుమారికి మాత్రం తెలిసితీరాలి. తెలియలేదో, "ఇంట్లో కూర్చోని చేసేదేంది?" అన్న మాట నాలుక చివరే ఉంటుంది.

మొదటి లాక్‌డౌన్‌లో విడవలూరు బజారంతా మూతపడ్డప్పుడు పుష్ప కొంగు బిగించింది. బియ్యం డబ్బా మీద, దేవుడి పటాల వెనక, పరుపుల కింద, మామగారు హజరత్తయ్య పోయినప్పటి నుంచి ఎవరూ తెరవని ట్రంకు పెట్టెలో దాగిన కాగితాలన్నీ లాగి హాల్లో గుట్ట పోసింది. అత్తగారు ఆదిశేషమ్మ మంచం మీద కూర్చుని, ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ "ఊరంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకోనుంటే మా కోడలికి కాయితాల పిచ్చి పట్టింది" అని చెప్పింది. చెప్పుకోనీ! పుష్ప పెళ్ళయిన కొత్త వరకూ రొయ్యల ల్యాబులో పనిచేసిన మనిషి. చెరువుల వాళ్ళు రొయ్యపిల్లను కొనే ముందు రోగముందో లేదో తేల్చుకోవడానికి ఆ ల్యాబుకే తెచ్చేవాళ్ళు. ఒకరి సీసాకు ఇంకొకరి చీటీ అంటుకుందా, ఒక కొంప మునిగినట్టే. ఆ భయంలో ఒంటబట్టిన పద్ధతి ఆమెది.

కొట్టు కాగితాలు ఇంటి కాగితాలతో కలవకూడదు. అసలూ జిరాక్సూ ఒకే కవర్లో ఉండకూడదు. లోపల ఏముందో కవరు పైన రాసి ఉండాలి, అదీ ఒంట్లో బాగాలేని మనిషికి కూడా కనబడేంత పెద్దక్షరాల్లో. ఆస్పత్రికి పరిగెత్తాల్సి వస్తే ఆధార్, రక్తం గ్రూపు, వాడే మాత్రల పేర్లు ముందు చేతికి రావాలి. అన్నిటికీ ఫోన్లో ఫోటోలుండాలి. ఏది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికైనా తెలిసి ఉండాలి. ఎంత మొత్తుకున్నా ఈ ఆఖరిది మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. "నువ్వుండావు గదా" అన్నాడు గిరిబాబు, ఫోన్లోంచి తలెత్తకుండా.

పొలానివి ఎర్ర కవర్లో, కొట్టువి నీలం దాంట్లో సర్ది బీరువాలో పెట్టింది. అత్తగారివి, పాపవి కూడా అయ్యాక, అందరికంటే చివర తనవి ఆకుపచ్చ కవర్లో పెట్టుకుంది. డిగ్రీ పట్టా, పీజీ పట్టా, ల్యాబు మూసేసే ముందు ఓనరు సంతకం చేసి ఇచ్చిన అనుభవ పత్రం. ఫోటోలు తీద్దామంటే ఫోన్ అప్పటికే కొట్టు బిల్లులతో నిండిపోయి ఉంది. సర్లే, తర్వాత తీసుకుందాం అనుకుంది. ఆడదాని సంగతి ఏ ఇంట్లో మాత్రం తర్వాత కాకుండా ముందుకొచ్చింది కనక!

ఆ వారంలోనే గిరిబాబు వీడియో కాల్‌లో బావకి బీరువా తెరిచి చూపించాడు. "చూడు బావా, ఏ కాయితం అడుగుతావో అడుగు, నిమిషంలో తీస్తా. దేనికైనా ఒక పద్ధతుండాల. నేను లాక్‌డౌన్ని ఊరికే పోనీలా." వంటింట్లో పప్పు తిరగమోత పెడుతున్న పుష్పకు నవ్వొచ్చింది. అప్పటికింకా నవ్వే వచ్చింది.

రెండో ఏడు వేసవిలో జ్వరం ఆమెకే తగిలింది. బీరువా ఉన్న గదిలోనే పడుకోబెట్టి తలుపేశారు. అత్తగారు కంచం గడప దగ్గర పెట్టి, పాము కనబడ్డట్టు వెనక్కి పోయేది. ఆయాసం ముదిరాక నెల్లూరు ఆస్పత్రిలో మంచం దొరికింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉండగా గిరిబాబు ఫోన్ చేశాడు. ఎట్టుండావని అడుగుతాడనుకుంది. అడిగాడు కూడా, పాపం. ఆ వెంటనే "పొలం పాస్ పుస్తకం ఏ కవర్లో ఉండాది?" అన్నాడు. "ఎర్రది" అన్న ఒక్క మాటకి ఆమె ఊపిరంతా కూడదీసుకోవాల్సి వచ్చింది.

బతికి ఇంటికొచ్చేసరికి గది బ్లీచింగ్ పొడి వాసన కొడుతోంది. పరుపు లేదు, దిండ్లు లేవు, చీరలు సగం లేవు. పెరట్లో నేల నల్లగా కమిలి ఉంది. రోగమొచ్చిన మనిషి తాకినవన్నీ తగలబెట్టాలని ఊళ్ళో అంటుంటే వీళ్ళూ తగలబెట్టారు. ప్రాణమే దక్కింది, చీరలదేముందిలే అని ఆమె ఊరుకుంది.

కాస్త లేచి తిరుగుతున్న రోజుల్లో భానుప్రియ ఫోన్ చేసింది. రొయ్యల ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసిన పిల్ల, ఇప్పుడు నెల్లూరులో కరోనా పరీక్షలు చేసే ల్యాబులో ఉంది. "అక్కా, మనం రొయ్యకు చేసిందే ఈడ మనిషికి చేస్తుండారు. మిషన్ కూడా అట్టాంటిదే. మనుషులు దొరక్క మా మేడం తల పట్టుకోనుండాది. నీ పేరు చెప్పినా. ఒరిజినల్స్ తీసుకోని సోమవారం వచ్చెయ్యి."

పుష్పకు కాళ్ళు నేల మీద నిలవలేదు. "రొయ్యలకు జరం చూసేది కూడా ఒక ఉద్యోగమేనా" అని నవ్వి నవ్వి మాన్పించిన ఇల్లు ఇది. గబగబా బీరువా తెరిచింది. ఎర్ర కవరు ఉంది. నీలంది ఉంది. అత్తగారిది, పాపది ఉన్నాయి. అన్నీ అంచులు వంకర తిరిగి శానిటైజర్ వాసన వేస్తున్నాయి. ఆకుపచ్చది లేదు.

"అత్తా, నా కవరేది?"

ఆదిశేషమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. "నీ గదిలోవన్నీ కాల్చేసినాము గదమ్మా."

"అన్నీనా? పొలం కాయితాలు కూడా ఆ గదిలోనే గదా ఉండింది. వాటినీ నేనే గదా తాకింది."

"మతి ఉండే మాట్లాడతుండావా? పొలం కాయితాలు ఎవురన్నా కాలుస్తారా? గిరి వాటిని ఏరి మిద్దె మీద ఎండకేసినాడు. మందు కొట్టి, గాలికి పోకుండా రాళ్ళు పెట్టి, పొద్దుగూకిందాకా ఆడనే కూర్చున్నాడు, పాపం బిడ్డ."

భయంతో కాల్చారంటే పుష్ప అర్థం చేసుకునేది. భయం ముందు ఎవరైనా ఒకటే. కానీ భయపడ్డవాడు ఏరుతాడా? బీరువా ముందు నిలబడి, ఆమె తన చేత్తో పెద్దక్షరాల్లో రాసిన పేర్లన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ, ఇది ఎండకి, ఇది మంటకి అని వేరు చేశాడన్నమాట. ఆకుపచ్చ కవరు మీద పుష్పకుమారి అని చదివే ఉంటాడు. ఆమె అక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటూ ఎర్రది అని చెప్పింది, అతను ఇక్కడ ఎర్రదాన్ని కాపాడాడు. ఇన్నేళ్ళు ఈ మనిషి పక్కనా తను పడుకున్నది? ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మండింది.

గిరిబాబు కొట్టు నుంచి రాగానే అడిగింది. అతను చెప్పులు విప్పుతూ విసుక్కున్నాడు. "అన్నిటికీ మందు కొట్టుకుంటా కూర్చునేదానికి కుదురుద్దా? ముఖ్యమైనవి తీసినా. ఇప్పుడేమైందని? పోయింది నీవే గదా, మనవేం పోలా గదా!"

ఆ మాట అనేసి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. అన్న సంగతి కూడా అతనికి తెలియదు.

ల్యాబు మేడం మంచిదే. అనుభవ పత్రం లేకపోయినా పని చూసి తీసుకుంటానంది, పట్టాల నకళ్ళకి దరఖాస్తు పెట్టిన రసీదైనా తెమ్మంది. నకళ్ళు కావాలంటే ముందు, కాగితాలు పోయాయని పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించాలి. "ఆడకూతురివి ఒక్కదానివే స్టేషన్‌కు పోతావా, నలుగురూ ఏమనుకుంటారు?" అని గిరిబాబు బండి తీశాడు. దారంతా పాఠం చెప్పాడు. "బస్సులో సంచి పోగొట్టుకున్నానని చెప్పు. అందురూ అట్టనే రాయిస్తారు. కాల్చినామంటే నవ్వుతారు." పుష్ప ఊ కొట్టింది. నిజంగానే అట్లా చెబుదామనే అనుకుంది. ఉద్యోగం వస్తే చాలు, అబద్ధమైతేనేం.

హెడ్ కానిస్టేబుల్ కాగితం ముందుకు లాక్కున్నాడు. "ఎట్టా పోయినాయమ్మా?"

"బస్సులో సార్, సంచి మర్చిపోయింది. ఈమెకు ముందు నుంచీ అజాగ్రత్త" అన్నాడు గిరిబాబు.

అజాగ్రత్త! ఆ ఇంట్లో ఎవరి చీటీ ముక్కా పోనివ్వని మనిషి పేరు మీద, సర్కారు కాగితంలో, అజాగ్రత్త అని రాయిస్తాడా?

"నేను పోగొట్టుకోలా సార్" అంది పుష్ప. "కాల్చేసినారు."

కానిస్టేబుల్ పెన్ను ఆపి తలెత్తాడు. గిరిబాబు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "కరోనా వచ్చి లేచింది సార్, ఇంకా నీరసంగా ఉండాది. ఏందేందో మాట్లాడతుండాది."

"నువ్వుండవయ్యా. ఎవురమ్మా కాల్చింది?"

పుష్ప చెయ్యి విడిపించుకుంది.

"ఈయనే సార్. గిరిబాబు, తండ్రి పేరు హజరత్తయ్య. రాసుకోండి. ఆధార్ నంబరు కావాలన్నా చెప్తా, నాకు నోటికొచ్చు."