వేలిముద్ర పడకూడదని

సుబ్బరావమ్మ ఆ రోజు కూతుర్ని పనిగట్టుకుని పేరయ్య పొగాకు పందిరి దగ్గరికి తీసుకెళ్ళింది.

"నాకెందుకమ్మా ఈ ఆకు గుచ్చే పని? ఇంట్లో కుట్టాల్సిన జాకెట్లు కుప్ప పడున్నాయి," అంది శ్రీరమ్య.

"మనుషులు చాల్లేదంట. పేరయ్య బాబాయి మరీమరీ అడిగాడు. ఒక్క పూటే."

పేరయ్య అడగలేదు. అడిగింది ఆవిడే. పచ్చి ఆకుని దబ్బనంతో తాడుకి గుచ్చేవాళ్ళ వేళ్ళకి జిగురు పట్టి నల్లగా పెచ్చు కడుతుందనీ, ఎంత తోమినా ఓ పట్టాన వదలదనీ, ఆ వేళ్ళు మెషీన్ మీద పెడితే ముద్ర పడదనీ పర్చూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. రేషన్ దగ్గర ఏటా ఈ రోజుల్లో అదే గొడవ. ఇన్నేళ్ళూ ఆ జిగురుని తిట్టుకున్న సుబ్బరావమ్మ ఈసారి దాన్నే నమ్ముకుంది.

కారణం ఆరోగ్య కార్డు. పద్ధతి మారుతోందనీ, ఇకమీదట ఆసుపత్రి ఖర్చు ఇన్సూరెన్సు కంపెనీ చూస్తుందనీ, ఇంట్లో ప్రతివాళ్ళూ ఊరి సచివాలయానికెళ్ళి వేలిముద్ర వేయాలనీ ఊళ్ళో చెప్పుకుంటున్నారు. కంపెనీ అన్న మాట వినగానే ఆవిడ గుండె జారింది. శ్రీరమ్యకి హెచ్ఐవి ఉంది. ఎలా వచ్చిందన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. గుంటూరు వెళ్ళి మందులు తెచ్చుకుంటుంది, తప్పకుండా వేసుకుంటుంది, ఆ జబ్బు వరకు నిక్షేపంగా ఉంది. సంగతి ఊళ్ళో పురుక్కూడా తెలియదు. వేలు పెట్టగానే తెర మీద జబ్బు పేరు పడితే? కంపెనీవాడు ఊరికే డబ్బు పెడతాడా, పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వడూ? రేపు ఈ పిల్ల చేత జాకెట్టు కుట్టించుకోవడానికి ఎవరొస్తారు?

మర్నాడు శ్రీరమ్య తనంతట తనే సచివాలయానికి బయల్దేరింది. వద్దంటే అనుమానం వస్తుందని తల్లీ వెంట నడిచింది.

మెషీన్ దగ్గర కూర్చున్న నస్రత్ శ్రీరమ్య చేతులు చూసి నవ్వింది. "ఏం పిన్నీ, దీనికీ పొగాకు పూశావా? మా మెషీన్ తుమ్ముతుందేమో."

ఏ వేలు పెట్టినా ముద్ర పడలేదు.

"పోనీలేమ్మా, పడకపోతే మనమేం చేస్తాం. పద," అని లేవబోయింది సుబ్బరావమ్మ.

"కూర్చో పిన్నీ. ఫోనుకి ఓటీపీ పంపిస్తున్నా. దీని ఆధార్‌కి ఉన్నది నీ నంబరే."

చేతిసంచిలో ఫోను మోగింది. "ఏమీ రాలేదే," అంది సుబ్బరావమ్మ.

శ్రీరమ్య తల్లి మొహంలోకి చూసి, చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది.

"నిన్న ఆకు గుచ్చమన్నది ఇందుకా?"

"మెల్లగా మాట్లాడు. గోడలకి చెవులుంటాయి."

"గుంటూర్లో మందులిచ్చే చోట కౌన్సిలింగ్ మేడంని అడిగానమ్మా. మన మందులు వేరు, ఈ కార్డు వేరంది. నేను ఒప్పుకోకుండా నా సంగతి బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదంది."

"చట్టం వచ్చి మన వీధిలో కాపురం ఉంటుందా?"

శ్రీరమ్యకి నవ్వొచ్చింది, అంతలోనే పోయింది. "నాకూ భయమే. కానీ నా పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారుగా. ఈ కార్డు లేకపోతే ఎక్కడ చేయిస్తావు?"

"ఎక్కడో అక్కడ చేయిస్తా. ఆ కంపెనీవాడెవడో జబ్బు చూసి నీ పేరు కొట్టేస్తే, ఆ అప్రతిష్ఠ నేను పడలేను."

"వాళ్ళు కొట్టేస్తారో లేదో నాకు తెలీదు. కొట్టేస్తే నిలదీసి అడుగుతా. ఇవాళ నువ్వే కొట్టేస్తున్నావు. నిన్నేమని అడగను?"

సుబ్బరావమ్మ పైట చెంగు నలుపుతూ లోపలికి నడిచింది.

"అమ్మాయ్, ముందు ఆ తెర ఇటు తిప్పు."

ఆవిడ చదివింది ఏడో తరగతి. కూడబలుక్కుంటూ చదివింది. పేరు, వయసు, వీధి.

"దీని వెనకాల ఇంకేమన్నా ఉందా?"

"వెనకాల గోడుంది పిన్నీ. ఇందాకటి ఓటీపీ టైం అయిపోయింది. ఇంకోటి పంపిస్తున్నా, చెప్పు."

ఫోను తీసి ఒక్కో అంకే చెప్పింది. ఆఖరిదాని దగ్గర ఆగింది. కూతురు నేల చూస్తూ నిలబడింది. సుబ్బరావమ్మ ఆ అంకె కూడా చెప్పేసింది.

"అంతే పిన్నీ, అయిపోయింది," అంది నస్రత్.

ఇంటిదారి పట్టాక సుబ్బరావమ్మ ఓసారి వెనక్కి తిరిగి చూసింది. "ఆ పిల్ల నీ వంక అదోలా చూసింది. గమనించావా?"

"లేదమ్మా. ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందాం?"

"నీ ఇష్టం. కానీ డాక్టరు గదిలోకి నేనూ వస్తా. వాళ్ళేం రాసుకుంటున్నారో నా కళ్ళతో చూడాలి."