ఎవరూ చెప్పని మాట

క్రేన్ ఎక్కొద్దని డాక్టరమ్మ కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. ఆ కాగితం ఆపరేటర్ జేబులోనే ఉంది. సూపర్‌వైజర్‌కి చూపిస్తే కేబిన్‌లో ఇంకొకడు కూర్చుంటాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవడు.

ఏడు నెలలుగా అతనికి సరైన నిద్ర లేదు. మంచం మీద గడిపే గంటలు తగ్గించే వైద్యం మొదలై నాలుగు రోజులైంది. రాత్రి ఒంటిగంటకు ముందు మంచమెక్కకూడదు, ఆరింటికల్లా లేచిపోవాలి, పగలు కునుకు తీయకూడదు.

"మొదట్లో ఇంకా తూలతారు. రెండు వారాలు ఓపిక పట్టండి, నిద్ర దారిలో పడుతుంది. అందాకా క్రేన్ జోలికి పోవద్దు," అంది ఆమె.

పగలు పదకొండు గంటలు. కొక్కేనికి రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట వేలాడుతోంది. కింద శ్లాబు మీద నలుగురు. వాళ్లలో వాకీటాకీ పట్టుకున్నవాడు అతని బావమరిది. కిందివాడు చెప్పిన మాటను పైవాడు తిరిగి చెప్పాకే లివర్ కదపాలి. అది అక్కడి పద్ధతి.

"దించుతున్నా," అన్నాడు ఆపరేటర్. కట్ట అడుగు దిగింది.

"ఎవరు దించమన్నారు బావా? నేను నోరే విప్పలేదు!"

ఆపరేటర్ లివర్ ఆపేశాడు. 'దించు బావా' అన్న మాట అతను చెవులారా విన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కట్ట ఆ నలుగురి నెత్తిన ఉంది.

"ఒరేయ్, అందరినీ పక్కకి జరుపు. నువ్వూ జరుగు."

"ఏమైంది?"

"నిద్రలో ఉన్నాన్రా."

"రాత్రి గుర్రు పెట్టి పడుకున్నానని అక్కతో అన్నావంటగా?"

"అబద్ధం చెప్పాను. జరగరా ముందు!"

నలుగురూ మెట్ల వైపు పరుగెత్తారు. ఇంకో ఆపరేటర్ నిచ్చెనెక్కి రావాలంటే పావుగంట. అంతసేపు మెలకువగా ఉంటానన్న నమ్మకం అతనికి లేదు.

"నేనే దించాలి. నువ్వు మాట్లాడుతూనే ఉండు."

"పదకొండేళ్లుగా నన్ను నోరు ముయ్యమంటున్నావు. ఇవాళ నీకే కావాల్సొచ్చింది." బావమరిది మెట్ల దగ్గర నిలబడి కట్ట వైపు చూశాడు. "ఎడమకి రెండు మీటర్లు."

"ఎడమకి రెండు మీటర్లు. నిజంగానే అన్నావా?"

"అన్నాను. అక్క మీద ఒట్టు."

ప్రతి మాటకూ అదే ప్రశ్న, అదే ఒట్టు. కట్ట ఖాళీ నేల మీద ఆనేసరికి పద్నాలుగు ఒట్లయ్యాయి.

ఆపరేటర్ మోటారు ఆపి దిగాడు. కింద సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. ఆపరేటర్ జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. సూపర్‌వైజర్ చదివి, తారీకు చూశాడు.

"నాలుగు రోజుల కిందటిది."

"అవునండి."

"కేబిన్ తాళం ఇవ్వు."

"తాళం ఇస్తున్నా," అన్నాడు ఆపరేటర్. సూపర్‌వైజర్ నిజంగానే అన్నాడా అన్నట్టు ఒకసారి బావమరిది వైపు చూశాడు. బావమరిది తలూపాడు. ఆపరేటర్ తాళం ఇచ్చాడు.