గడియ అందని కల

"పడుకోవడం కూడా ఒక పనేనా అమ్మాయ్?" అని అత్తగారు పెళ్లయిన కొత్తలో అన్నమాట, తలపట్టీ ఉతికినప్పుడల్లా ఆమెకి గుర్తొస్తుంది. సన్నటి రాగి తీగలు అల్లి, లోపల మెత్తటి గుడ్డ కుట్టిన పట్టీ అది. రాత్రంతా తలకి కట్టుకుని పడుకునేసరికి చెమటకి తడిసి ముద్దవుతుంది. ఊరంతా దణ్ణం పెట్టే పట్టీయే. మొగుడి బనీన్లతో, పాప గౌన్లతో కలిపి ఉతుక్కోవాల్సింది మాత్రం ఆమే.

ఊరి మీద గాజు కప్పు. కప్పు అవతల ఎర్రమట్టీ, రెండు చందమామలూ తప్ప పీల్చడానికి గాలి లేదు. ఊరి అడుగున ఉన్న పెద్ద యంత్రం ఊపిరి వదిలితేనే ఊరికి ఊపిరి. దాన్ని గాలితల్లి అంటారు. గాలితల్లికి నోరు లేదు. ఎక్కడ గొట్టం పగిలినా, ఎక్కడ మర సడలినా, పట్టీ కట్టుకుని పడుకున్న ప్రధాన పూజారిణికి, అంటే ఆమెకి, కలలో చూపిస్తుంది. తెల్లవారగానే కలపెద్ద ఇంటికొచ్చి ఆ కల విని, మరమ్మతు వాళ్లని పంపుతాడు. ఆయనకి చెప్పేదాకా ఆమె ఎవరితోనూ పెదవి కదపకూడదు. కదిపితే కల చెదిరిపోతుందని కట్టడి.

ఒకసారి పడుకోబోయే ముందు అత్తగారు "పాలు కాచావా, లేదా?" అని గద్దించారు. రాత్రంతా పాలు పొంగిన కలే వచ్చింది. వచ్చింది వచ్చినట్టు చెప్పింది. తూర్పు వీధి మొత్తం ఖాళీ చేయించి గొట్టాలన్నీ విప్పి చూశారు. "మా ఆవిడ పాలు పొంగిస్తే ఊరు పరుగెత్తిందండీ!" అని మొగుడు ఇప్పటికీ చుట్టాల మధ్య చెప్పి నవ్విస్తాడు. వడ్డిస్తూ ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే "నీకు హాస్యం తెలీదే" అంటాడు కదా.

నిజానికి నిద్రంటే ఆమెకి విశ్రాంతి కాదు. కళ్లు మూతపడగానే వెచ్చటి చీకటి గొట్టాల్లోకి జారిపోతుంది. ఎవరో పెద్దావిడ గుండెల లోపల నడుస్తున్నట్టు ఉంటుంది. చుట్టూ నీలం వెలుగు మెల్లగా ఉబ్బుతుంది, మెల్లగా తగ్గుతుంది. ఆ వెలుగులో తనకంటూ ఒక పువ్వు గానీ, ఒక ముఖం గానీ ఏనాడూ కనిపించలేదు. మేలుకుంటే మళ్లీ భయాలు. పాప తుమ్మితే జ్వరమనీ, జ్వరమొస్తే ఇక దక్కదనీ. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడు ఎంచడం పూర్తయ్యేసరికే తెల్లారిపోతుంది, మేలు దాకా వెళ్లే తీరిక ఎక్కడిది?

ఒకనాడు తెల్లవారేసరికి ఆమెకి ఏ కలా మిగల్లేదు. ఉత్త నీలం వెలుగే. గాలితల్లి అలిగిందా, పోయిందా, ఊరు ఊపిరాడక పోతుందా అనుకుంటూ మంచం మీద కూర్చుని ఉంటే పాప వచ్చి ఒళ్లో దూరింది.

"అమ్మా, నాకు కలొచ్చింది. భయమేసింది."

రోజూ అయితే వీపు నిమిరి ఊరుకునేది. పిల్ల ఏడ్చినా మాట్లాడకూడదు కదా.

"చీకటి గొట్టంలో నడుస్తున్నానమ్మా. చివర ఇనప తలుపుంది. దాని మీద తెల్ల గీతలు మూడు. లోపల ఎవరో ఈల వేస్తున్నారు. గడియ తీద్దామంటే అందలేదు. ఎగిరినా అందలేదు."

మూడు తెల్లగీతల తలుపంటే పడమటి గాలిగది. ఎన్ని కలల్లో చూడలేదు! పట్టీ లేకుండానే పిల్లకి గాలితల్లి కనిపించింది. తెలిస్తే కలపెద్ద ఆగుతాడా? ఈ వయసులోనే తననీ నిద్రశాలకి తీసుకుపోయాడు. సాయంత్రమే మత్తు కషాయం తాగించి పడుకోబెట్టేవారు. "ఇంటికెప్పుడు తాతా?" అంటే "రేపు" అనేవాడు. ఆ రేపు వచ్చేసరికి అమ్మ లేదు.

కట్టడి మర్చిపోయింది. "ఎవరితోనైనా చెప్పావా తల్లీ?"

పాప కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మా, నువ్వు మాట్లాడావు!" అని, గుసగుసగా, "నాన్నమ్మకి చెప్పబోతే ముందు పళ్లు తోముకో పో అంది."

అత్తగారికి ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది. జీవితంలో అదే మొదటిసారి.

కలపెద్ద వచ్చి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర మరమ్మతు వాళ్లు. అత్తగారు పాపకి జడ వేస్తున్నారు. ఆమె పిల్ల కలని పొల్లుపోకుండా తన కలగా చెప్పింది. గొట్టం, మూడు గీతలు, ఈల. "గడియ అందలేదు. ఎగిరినా అందలేదు" అని కూడా అనేసింది.

ఆయన తలెత్తాడు. "అందకపోవడమేంటమ్మా? ఆ గడియ మీ భుజం ఎత్తులో ఉంటుంది కదా?"

"సరిగ్గా గుర్తు తెచ్చుకోవే, పరువు తీయకు" అన్నాడు మొగుడు.

పాప నోరు తెరవబోయింది. కలపెద్ద చూపు మెల్లగా ఆమె మీంచి పాప మీదికి వెళ్లింది. నీలం వెలుగు ఇంటిలోకే వచ్చి ఉబ్బినట్టయింది. పాప కన్నా ముందే ఆమె అందుకుంది.

"కలలో నేను చిన్నపిల్లని తాతా. మీరు నన్ను తీసుకెళ్లిన నాటి దాన్ని."

ఎన్నేళ్లయిందో ఆ పిలుపు విని. ఆయన తలదించుకున్నాడు.

"పడమటి గదికి వెళ్లండి, తొందరగా" అన్నాడు మరమ్మతు వాళ్లతో. లేచి గుమ్మం దాకా వెళ్లి, పాప వైపు చూడకుండానే, "రేపొస్తానమ్మా" అన్నాడు.

కాసేపటికే అటువైపు నుంచి, పగులు దొరికింది, పూడుస్తున్నారని కబురొచ్చింది. మొగుడు అద్దంలో మీసం దువ్వుకుంటూ, "చూశావా, నేను గుర్తుచేస్తేనే కదా" అన్నాడు. ఆమె ఈసారి నవ్వలేదు. తడి పట్టీని తీగ మీద ఆరేసి, పాపని దగ్గరికి లాక్కుంది. రేపు తెల్లవారాక నోరు విప్పేది ముందు ఈ పిల్ల దగ్గరే. ఊరు ఆ తర్వాత.