గార్జియన్లు రాని చోటు

కాలేజీలో చేరింది మనవరాలే గాని, నిజం చెప్పాలంటే మూడేళ్లూ సరదాగా కాలేజీకి వెళ్లొచ్చింది మహాలక్ష్మమ్మ. కలకత్తాలో రేవు పక్కనున్న మెటియాబ్రుజ్ నుంచి ఆడపిల్లని ఒంటరిగా బస్సెక్కించడం ఆవిడ కొడుకు తిరుపతిరావుకి ఇష్టం లేదు. అతనికా డాక్‌లో పని, కోడలికి కుట్టుమిషనుతో సరి. ఇక మిగిలింది ముసలమ్మే. మనవరాలు సత్యవేణిని గేటు లోపలికి పంపించి, ఎదురుగా ఫుట్‌పాత్ మీద పాత పేపరు పరుచుకుని, సాయంత్రం గంట కొట్టేదాకా కూర్చునేది.

కలకత్తాలో అదేం వింత కాదు. పిల్లల కోసం అలా కూర్చునే తల్లులు ప్రతి బడి ముందూ ఉంటారు, వాళ్లని గార్జియన్లంటారు. ఆ బెంగాలీ తల్లులు ఈవిణ్ణి మాషీమా, అంటే పిన్నిగారూ, అని పిలిచి మరమరాలు పెట్టేవారు. ఈవిడ చేగోడీలు పంచేది. గేటు కాసే దర్వాను మొదలు ప్రిన్సిపాలమ్మ దాకా ఆవిణ్ణి పలకరించకుండా గేటు దాటేవాళ్లు కారు. శ్రీకాకుళం నుంచి కాపురానికొచ్చింది మొదలు అంట్లగిన్నెలు తప్ప ఎరగని మనిషికి అరవై దాటాక ఇంత వైభోగం!

డిగ్రీ అయింది. సత్యవేణికి యూనివర్సిటీలో ఎమ్మే హిస్టరీకి సీటొచ్చింది. ఇంటికి దగ్గర్లో బీయెడ్ కాలేజీలోనూ వచ్చింది. తిరుపతిరావు బుర్ర గోక్కున్నాడు.

"కాలేజీ అంటే నానెరుగుదును. ఈ యూనివర్సిటీ ఏటో నాకు తెల్దు. ఓపాలి దాంతో ఎల్లి సూసిరా అమ్మా. నువ్వు బాగుందంటే అక్కడే సదువుతాది, లేదంటే బీయెడ్డే."

పిల్లకేమో యూనివర్సిటీ మీదే ప్రాణం. తన చదువంతా మామ్మ మాట మీద ఉందని తెలిసి, అడక్కుండానే వచ్చి కాళ్లు పట్టింది. "లంచమేటే?" అని కసిరింది మహాలక్ష్మమ్మ. కసిరింది గాని కాళ్లు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

క్లాసులు మొదలైన రోజు ఇద్దరూ యూనివర్సిటీకి వెళ్లారు. పిల్ల లోపలికి పోయింది. ఈవిడ గేటు ముందు పేపరు పరుచుకుంది. ఒక్క గార్జియనైనా ఉంటే ఒట్టు! పిల్లలు ఇష్టమొచ్చినప్పుడు వస్తున్నారు, పోతున్నారు.

"గంట ఎప్పుడు కొడతారు దాదా?" అని దర్వానుని బెంగాలీలో అడిగింది.

"ఇక్కడ గంట కొట్టరు మాషీమా."

"పోనీ, ప్రిన్సిపాల్ ఏరీ?"

"ప్రిన్సిపాలూ ఉండరు. లోపలికెళ్లి చూసుకోండి, ఎవరూ ఏమీ అనరు."

ఇది చదువా, సంతా అనుకుంటూ మహాలక్ష్మమ్మ మెట్లెక్కింది. వసారాలో వెతుక్కుంటూ పోగా పోగా ఒక గదిలో మనవరాలు కనబడింది. పెద్ద బల్ల చుట్టూ ఆడా మగా కూర్చున్నారు, మేష్టారూ వాళ్ల మధ్యనే కూర్చున్నాడు. ఆయనేదో చెబుతుంటే సత్యవేణి చెయ్యెత్తి, "అలా కాదేమో సార్" అంది.

ఓలమ్మో! మహాలక్ష్మమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాలేజీలో అయితే పాఠం చెప్పే దీదీ చెప్పింది చెప్పినట్టు రాసుకోవడమే. "మీ పిల్ల బుద్ధిమంతురాలు, నోరే విప్పదు" అని ప్రిన్సిపాలమ్మ మెచ్చుకుంటే ఈవిడ వాడంతా చాటుకుంది కూడాను. ఆ పిల్ల ఇవాళ గురువునే కాదంటోంది. ఇక చివాట్లు తప్పవనుకుంది.

"మరెలాగో చెప్పు" అన్నాడాయన నవ్వుతూ.

సత్యవేణి చెప్పింది. మొదట తడబడింది, తరవాత గొంతు నిలబడింది. ఒకబ్బాయి అడ్డు తగిలితే వాడికీ జవాబిచ్చింది. మహాలక్ష్మమ్మకి ఆ సంగతులేమీ బోధపడలేదు. ఇరవై ఏళ్లుగా తన పక్కలో పడుకున్న పిల్లకి ఇంత గొంతుందని మాత్రం అప్పుడే తెలిసింది. గర్వంతో ఒళ్లు పొంగిపోయింది.

క్లాసయ్యాక బయటికొచ్చిన సత్యవేణి మామ్మని చూసి గతుక్కుమంది. తోటి పిల్లలు ముందుకెళ్లేదాకా ఆగి, మెల్లిగా అంది. "ఇక్కడికి గార్జియన్లు రారు మామ్మా."

ఆ మాట చురుక్కుమంది. తిరుగు బస్సులో మహాలక్ష్మమ్మ కిటికీ వైపు తిరిగి లెక్కలేసుకుంది. బీయెడ్ కాలేజీ ఆవిడ ముందే చూసి వచ్చింది. పెద్ద గేటు, గార్జియన్లకి రేకుల షెడ్డు, అందులో బెంచీలు, పైన ఫ్యాను. బాగోలేదని ఒక్క మాటంటే చాలు, ఇంకో రెండేళ్లు దర్జాగా కూర్చోవచ్చు. తప్పని ఎవరంటారు?

తిరుపతిరావు డ్యూటీ దిగి వచ్చీ రాగానే అడిగాడు. "ఏటమ్మా, ఎలగుంది?"

సత్యవేణి తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"గంట లేదు, గేటెయ్యరు. మేష్టరు సెప్పింది కాదంటారు" అంది మహాలక్ష్మమ్మ. "నాకు కూకోడానికైతే బీయెడ్డే బాగుంటాదిరా."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యూనివర్సిటీలో నాకు సోటు లేదు" అంది ముసలమ్మ. "దీనికుంది. అక్కడికే పంపు."

"మరి రేపట్నుంచి దీని తోడు..."

"ఒక్కత్తే ఎల్తాది."