కదలని అన్నం

యిర్మియా కక్కినదాన్ని చూసి భార్య సుగుణమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది నిన్న పగటీలి తిన్న చిక్కుడుకాయ కూర. గింజలు గట్లనే ఉన్నయి."

"పైత్యం చేసింది, ఊకో," అన్నాడతను నోరు పుక్కిలించి.

బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడిపే మనిషి. ఏళ్ల తరబడి షుగర్. పూట పూటకీ ఇన్సులిన్ సూది. ఈమధ్య నాలుగు ముద్దలకే కడుపు బిగుసుకుపోతోంది. ఆకలి వేయడం ఎప్పుడు మానేసిందో అతనికే గుర్తులేదు.

సుగుణమణి ఊరుకోలేదు. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు దవాఖానకు లాక్కెళ్లింది. డాక్టర్ శ్రావణ్య పరీక్షలు చేయించి కూర్చోబెట్టింది.

"అన్నం లోపలికి పోంగనే మెదడు నుంచి వచ్చే నరం కడుపుకు చెప్తది, పిసుకు, కిందికి నూకు అని. ఆ అన్నం పేగులకు చేరినంక అక్కడి హార్మోన్లు లేస్తయి. పిత్తం వదలమంటయి, ఇన్సులిన్ తయారు చెయ్యమంటయి. రెండూ కలిస్తేనే అరుగుడు. మీ నరాన్ని షుగర్ తినేసింది. కడుపుకు కబురు అందుతలేదు."

"తక్కువ తింట తియ్, మేడమ్."

"తిన్నది రక్తంలకు ఎప్పుడు చేరుతదో ఎవ్వరికీ తెల్వదు. సూది మాత్రం ఆగదు. అన్నం రాకముందే షుగర్‌ను పడగొడ్తది. మోతాదు కుదిరేదాక బండి ఎక్కకండి."

బయటికొచ్చాక యిర్మియా గొంతు తగ్గించాడు. "గనిల ఎవ్వరికీ చెప్పకు. డంపర్ గుంజుకుంటరు."

"పోతే పోనీ. నువ్వుంటే చాలు."

అతను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున సూది వేసుకుని, ఇంత ఉప్మా తిని, డ్యూటీకి పోయాడు.

బొగ్గు నిండిన డంపర్ క్వారీ లోంచి మెలికల దారి ఎక్కుతోంది. యిర్మియాకు చల్లటి చెమట పట్టింది. ఎండాకాలమేగా అనుకున్నాడు. కాసేపటికి దారి రెండుగా కనబడింది. బ్రేకు తొక్కబోయిన కాలు పరాయివాడి కాలులా ఉంది. డాక్టరమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. జేబులోని చాక్లెట్లు నోట్లో కుక్కుకున్నాడు. నాలుక మీద తీపి తెలుస్తూనే ఉంది. అది కడుపులో పడి అక్కడే కూర్చుంది.

ఎదురుగా నీళ్ల ట్యాంకర్ దిగుతోంది.

ఉన్న సత్తువంతా పెట్టి స్టీరింగ్ అంచు వైపు తిప్పాడు. ముందు చక్రం మట్టికట్ట మీదికెక్కి ఆగింది. కట్టకు అవతల నేల లేదు.

ట్యాంకర్ డ్రైవర్ సంపత్ ఉరికొచ్చాడు. "కాకా! కండ్లు తెరువు!" అంటూ నోట్లో గ్లూకోజు నీళ్లు పోశాడు. కొంత గడ్డం మీదుగా కారిపోయింది, మింగినదీ పనిచేయలేదు. అంబులెన్సులో రక్తంలోకి నేరుగా గ్లూకోజు ఎక్కించాకే యిర్మియాకు మనుషులను గుర్తుపట్టే తెలివి వచ్చింది.

"ట్యాంకర్ల నేనొక్కణ్నే లేను కాకా," అన్నాడు సంపత్. అతని పెదాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. "ఎన్క నలుగురు కూలోళ్లున్నరు."

ఆ మాట యిర్మియాకు గుండెల్లో దిగింది. దవాఖాన నుంచి నేరుగా మేనేజర్ దగ్గరికి పోయి, దాచినదంతా తనే చెప్పేశాడు. డంపర్ తాళం బల్ల మీద పెట్టి వచ్చాడు.

ఇప్పుడు సుగుణమణి జావ చెంచాతో తాగిస్తుంది. తాగాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు.

"దిగిందా?"

యిర్మియా కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూస్తాడు. లోపల ఏ సద్దూ లేదు.

"తెలుస్తలేదే," అంటాడు. చేతిలోని ఇన్సులిన్ సూది ఇవ్వాలో వద్దో తెలియక ఆమె అలాగే పట్టుకుని ఉంటుంది.