కొండగాలి పేజీ

దరఖాస్తులు నింపిపెట్టే ఆ దుకాణంలో ఉదయం తొమ్మిదింటికి అక్క మొదట చేసే పని, తండ్రి విడిభాగాలు ఏరుకొచ్చి బిగించిన పాత కంప్యూటరులో కొండమీది పేజీ తెరవడం. తెరలోంచి చల్లగాలి వీచేది. ఊపిరితిత్తులు సగం పాడైన చెల్లెలు ఛాతీకి తైలం రాసుకుని, కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ గాలితోనే రోజు వెళ్లదీసేది. ఏ పేజీ తెరిస్తే ఆ చోటి గాలి రావడం వీధిలో ఎవరికీ వింత కాదు.

"ఒక్క పావుగంట ఎడారి పేజీ పెట్టమ్మా, దుప్పట్లు ఆరి చావట్లేదు," అనేది పక్కింటి ఇస్త్రీ ఆవిడ.

"నా ఊపిరి ఆపి నీ దుప్పట్లు ఆరబెట్టాలా పిన్నీ?" అని చెల్లెలు నవ్వేది.

కొండమీద ఒంటరిగా ఉండే వాతావరణ పరిశీలకుడిది ఆ పేజీ. రోజూ గాలి వేగం, దిశ, వాసన అందులో రాసేవాడు. ఎవరైనా చూడవచ్చు, నువ్వెవరని అడిగేది కాదు.

వానలకు ముందు ఆ గాలి పలచబడింది. పేజీలను మూటగట్టుకుపోయే ప్రోగ్రాములు వేలకొద్దీ దానిమీద ఎగబడుతున్నాయని తెలిసి, అక్క ఆయనకు ఉత్తరం రాసింది: "అయ్యా, దయచేసి కాపలా పెట్టించండి." మంచివాడు, పెట్టించాడు. గోడ కట్టిన ప్రతి పాలకుడూ లోపలివారి క్షేమం కోసమేనన్నాడు. లోపలివారెవరో మాత్రం తర్వాత తేల్చాడు.

మర్నాడు పాత తెరమీద ఒక్కటే వాక్యం: "మీ యంత్రం ధ్రువీకరించబడలేదు." ఆ కాపలా చూసేది ఎదుట ఉన్నది మనిషేనా అని కాదు, యంత్రానికి కంపెనీ ముద్ర ఉన్నదా అని.

"అడిగి మరీ పెట్టించావు కదే అక్కా!"

"నీ కోసమేనే."

"తెలుసులే. అందుకే తిట్టలేకపోతున్నా."

ముద్ర ఉన్న కొత్త యంత్రం తెచ్చారు. పేజీ తెరుచుకుంది. గడ్డి వంగడం స్పష్టంగా కనిపించింది. గాలి మాత్రం రాలేదు. కాపలా తీయించమని అక్క మళ్లీ రాసింది. "అడిగానమ్మా. ఒకసారి పెట్టాక తీయడం కుదరదట," అని జవాబు.

చెల్లెలు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుంది. అద్దంమీద ఆవిరి పట్టలేదు. ఊపిరి తెర దాటి అటే పోతోంది.

అక్క కుర్చీ పట్టి లాగింది. "లేవవే, ఇటు రా!"

"అటైనా పోనీ అక్కా. ఇక్కడ ఉండి ఏం చేస్తుంది?"

సోమవారం పరిశీలకుడు రాశాడు: "కొత్తగా స్వల్పమైన గాలి. దిశ తెలియదు. తైలం వాసన." గురువారం: "మరింత స్వల్పం."

మరుసటి సోమవారం అక్క ఒక్కతే దుకాణం తెరిచి ఆ పేజీ చూసింది. "గాలి ఆగిపోయింది. వాసన ఇంకా ఉంది," అని ఉంది.

అక్క తెరకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. అద్దానికి ఏ వాసనా లేదు.